పనిముట్ల ఇనుమునకును కఱ్ఱకును తుదిమెఱుగు

రైతుల గొడ్డళ్లు, గుద్దళ్లు, పారలు, కొడవళ్లు పనిలో అరిగి చెడుటకంటె పనిలేని దినములలో మూలబడి చెడుట తఱచు. వానకాలపు పని తీరగానే మట్టితోడనే చావడిలో పడవేసిన గుద్దలి మరల తొలకరినాటికి తుప్పుపట్టి, కామ వదులై కనబడును. వదులైన కామనుండి గొడ్డలి యూడి యెగిరినచో కొట్టువానికేగాక ప్రక్కనున్నవానికిని ప్రాణాపాయము. కావున కమ్మరి, వడ్రంగి పని ముగించి యిచ్చిన పిమ్మట, పొలమునకు కొనిపోవుటకు ముందే, పనిముట్టునకు తుదిమెఱుగు పెట్టుట రైతు తానే చేసికొనదగిన పని. ఇందులకు వలయు సరకులు స్వల్పము. ఓపిక మాత్రము కొంత కావలెను.

తుప్పు పట్టు విధము

ఇనుమునకు తుప్పు పట్టుటకు గాలియు, తడియు రెండును కావలెను. ఉప్పు తోడైనచో తుప్పు మఱింత వేగముగా పట్టును. అమ్మోనియం సల్ఫేటు, పొటాషు మొదలగు ఎరువులు తగిలిన పారలు త్వరగా చెడుటకు కారణమిదియే. నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రపు ఉక్కు పూర్వము ఖడ్గములకై పారశీక దేశమునకు ఎగుమతి యగుచుండెను. అట్టి మేలైన యుక్కును సైతము తడిలో విడిచినచో తుప్పు తినక మానదు. లోహపు మంచితనము రక్షణ కాదు. దానిపైనున్న పొరయే రక్షణ.

కఱ్ఱను సిద్ధపఱచుట

కామకు చేవగల కఱ్ఱనే యెన్నుకొనవలెను. తెల్లపొరలో పిండిపదార్థ ముండుటచే పురుగు దానిని తొలుచును. తుమ్మ, చిరుమాను ఇందులకు తగినవి. కఱ్ఱలోని పోగు ఈ కొననుండి ఆ కొనవఱకు తిన్నగా నుండవలెను. పోగు అడ్డముగా తెగినచోట కామ విఱుగును. పచ్చికఱ్ఱ ఎండినకొలది కుదించుకొనును గనుక, దానిని నీడను, గాలి యాడుచోట పెక్కు నెలలు ఆరనిచ్చిన పిమ్మటనే చెక్కింపవలెను.

చెక్కిన కామను ఉప్పుకాగితముతో పోగు వెంబడిని రుద్దవలెను. పిమ్మట తడిగుడ్డతో ఒకసారి తుడిచి ఆరనిచ్చినచో అణగియున్న నూగు పైకి లేచును. దానిని మరల రుద్ది తీసివేయవలెను. ఈ పని ఇప్పుడు చేయనిచో, చేతి చెమట తగిలిన తొలిదినముననే కామ గరుకెక్కును.

తరువాత అవిసెనూనె పట్టింపవలెను. నూనెగిన్నెను వేడినీటిలో నుంచి వెచ్చచేయవలెనే గాని నిప్పుమీద పెట్టరాదు. గుడ్డతో పలుచగా పూసి, ఇరువది నిమిషములు పీల్చనిచ్చి, మిగిలినదానిని పూర్తిగా తుడిచివేయవలెను. తుడువక విడిచిన నూనె బంకగా మాఱును. పూత బాగుగా ఆరిన పిమ్మటనే మఱియొక పూత పూయవలెను. మూడు నాలుగు పూతలు చాలును. కామ కొనలు నీటిని ఎక్కువగా పీల్చును గనుక అచ్చట ఇంకొక పూత అధికముగా వేయుట మంచిది.

వేరుసెనగనూనె, కొబ్బరినూనె, ఆముదము ఇందులకు పనికిరావు. అవిసెనూనె గాలి సోకి గట్టిపడి పొరయగును; అవి యట్లు గట్టిపడక ధూళిని పట్టియుంచును. వార్నిషు చూపునకు సొగసైనను, కామను నున్నగా చేసి అరచేతిని బొబ్బలెక్కించును.

ఇనుమును సిద్ధపఱచుట

మొదట మట్టిని కడిగి, ఎండలో ఆరబెట్టవలెను. తుప్పున్నచోట కిరసనాయిలు పూసి ఒక రాత్రి యుంచి, తీగబ్రష్షుతోగాని ఇటుకపొడితోగాని తోమవలెను. గుంటలలో మిగిలిన తుప్పునకు కరక్కాయ కషాయము మేలు. ఒక పాలు కరక్కాయపొడిని పది పాళ్ల నీటిలో మరగించి వడగట్టి, చమురు లేకుండ తుడిచిన ఇనుముపై పూసినచో తుప్పు నల్లబడి గట్టిపడును. కరక్కాయతోడను ఇనుముతోడను సిరా నల్లనగుటకు కారణమైన సంయోగమే యిది. అది యారిన పిమ్మట పైన నూనె పూయవలెను.

పదును లేని కట్లు, చీలలు మొదలగువానిని కమ్మరి కొలిమిలో నూనె పొగలు వచ్చునంత వేడిచేసి అవిసెనూనెగుడ్డతో తుడిచినచో నల్లని గట్టిపొర యేర్పడును. అంచుగల పనిముట్ల కీ పద్ధతి తగదు. ఉక్కు సుమారు 230 డిగ్రీల సెంటిగ్రేడు వేడికి గడ్డిపచ్చగాను, 300 డిగ్రీలకు నీలముగాను తిరుగును. అంచు నీలమైనచో దాని కాఠిన్యము తగ్గి పదును నిలువదు. కొడవలిని, గొడ్డలిని చేతికి వెచ్చగా తోచునంతవఱకు ఎండలో నుంచి నూనె పూసిన చాలును.

మూతినుండి మందు దట్టించెడి పూర్వపు తుపాకుల గొట్టములకు పనివారు ఇంకొక విధమున రంగు తెచ్చెడివారు. కావలెననియే పలుచని తుప్పు పట్టించి, వదులు తుప్పును తోమివేసి, మరల మరల అట్లే చేసి, తుదకు మరగునీటితో దానిని నిలిపి నూనె పూసెడివారు. కఱ్ఱభాగమునకు వాడినది ఈ అవిసెనూనెయే. మన దేశమున 1959 నాటి ఆయుధచట్టముచే అనుమతి లేక తుపాకి చేయుటయు, బాగుచేయుటయు నేరము. ఆ పనివారి ఓపిక మాత్రము రైతు తన గుద్దలి విషయమున గ్రహింపదగినది.

కామ బిగించుట

కామ వదులైనప్పుడు పనిముట్టును రాత్రి నీళ్లలో నానవేయు వాడుక కలదు. ఇది కీడు. నానిన కఱ్ఱ ఉబ్బి ఇనుముచే నొత్తబడి నలుగును. ఎండిన పిదప ముందటికంటె సన్నబడి మఱింత వదులగును. లోపల ఇనుమునకు తుప్పును పట్టును. బాగుగా ఎండిన కామనే బెజ్జమునకు సరిగా చెక్కి, నూనె పట్టించి, దూర్చి, కొనను చీల్చి ఎండుకఱ్ఱ చీల దిగగొట్టవలెను. తుమ్మకఱ్ఱలోని వగరు తడి తగిలినప్పుడు ఇనుమును నల్లబఱచి తినును గనుక, రెంటి నడుమ నూనెపొర అవశ్యకము.

నూనెగుడ్డల వలని అపాయము

అవిసెనూనె ఆరునప్పుడు వేడి పుట్టును. నూనె తడిసిన గుడ్డలను ముద్దగా చుట్టి పడవేసినచో ఆ వేడి లోపల నిలిచి, నిప్పు తగులకయే గుడ్డలు తమంతట తాము అంటుకొనగలవు. వానిని గడ్డివాము దగ్గఱగాని పశువుల కొట్టములోగాని ఎన్నడును ఉంచరాదు. పని ముగియగానే విప్పి ఒక్కొక్కటిగా ఆరుబయట రాతిమీద పఱచి ఆరబెట్టవలెను. లేదా నీళ్లలో ముంచి ఉంచవలెను.

ఏటేట చేయవలసినవి

పని ముగిసిన ప్రతిదినము మట్టిని కడిగి తుడువవలెను. పనిముట్లను నేలమీద గాక కొయ్యలకు తగిలింపవలెను. నేల తడి తుప్పునకును చెదలకును దారి. సంవత్సరమున కొకసారి, తొలకరికి ముందు, కామలకు ఒక పూత అవిసెనూనెయు, ఇనుమునకు పలుచని చమురును పూయవలెను. ప్రతి పనికి ముందు కామను ఊపి చూచి, కదలునేని చీల సరిచేయక కొట్టరాదు. ఈ కొద్దిపాటి శ్రద్ధ గల యింట తండ్రి చేయించిన గొడ్డలి కొడుకు చేతికిని పనికివచ్చును.