కుందేటి కొమ్ములు: లక్షణములు, పెంపకము

కుందేలుకు కొమ్ములుండవని లోకోక్తి. కాని రాయలసీమ మెట్టలలో 'కుందేటి కొమ్ములు' మొలచును. కర్నూలునుండి నంద్యాలకు పోవు దారిలో ఓర్వకల్లువద్ద కనిపించు బండల సందులవంటి తావులే ఈ మొక్కకు అనుకూలము. పశువుల కాపరులు దీనిని పచ్చిగా తినుటయు, ఇండ్లలో పచ్చడి చేయుటయు వాడుక. అంగడిలో కొను ముండ్ల మొక్కలకు అందములో ఇది తీసిపోదు. ఐనను మనము దీనిని పెరుకుటయే గాని పెంచుట యెరుగము.

పేరు: సామర్లకోటలో పనిచేసిన వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బరో 1795 నాటి తన గ్రంథములో ఈ మొక్కను వర్ణించి, తెలుగు పేరు 'కార్ అల్లం' అని వ్రాసెను. 1810లో రాబర్టు బ్రౌను ఆ మాటనుండియే 'కారల్లూమా' అను శాస్త్రనామము కల్పించెను. నేడు దేశదేశముల శాస్త్రజ్ఞులు పలుకు ఆ పేరు మన పల్లెలనుండి పోయినదే.

లక్షణములు: ఇది చూపునకు జెముడువలె నున్నను జెముడు కాదు. నాగజెముడు అమెరికానుండి వచ్చినది. ఇది ఇచ్చటిదే, జిల్లేడు కుటుంబమునకు చెందినది. మూరెడు ఎత్తు పెరుగును. కాడ నాలుగు పలకలుగా నుండి కొనకు సన్నబడును. ముండ్లు లేవు, ఆకులు మిక్కిలి చిన్నవి, త్వరలో రాలిపోవును. కాడలోనే నీరు నిలువచేసికొని, పగటి యెండలో రంధ్రములు మూసికొని రాత్రి గాలి పీల్చును. కొనలయందు నక్షత్రమువంటి చిన్న పూలు పూయును. వానికి చిన్న యీగలు చేరును. కాయలు కొమ్ములవలె జంటగా నిలుచును. గింజకు జిల్లేడు గింజకువలె దూది యుండును.

తినదలచినచో ముందు గుర్తింపుడు. కాడ తుంచిన తెల్లని పాలు కారినచో అది బొంతజెముడు మొదలగు వేరుజాతి. నోట పెట్టరాదు, కంట పడనీయరాదు.

నేల: ఇసుకపాలు గల ఎర్రనేల, గరపనేల మంచివి. నల్లరేగడి పనికిరాదు; తేమ నిలిచి మొదలు కుళ్ళును. తొట్టికైనచో రెండుపాళ్ళు ముతక ఇసుక, ఒకపాలు ఎర్రమన్ను, ఒకపాలు బాగుగా చివికిన ఎరువు కలుపవలెను. తొట్టి అడుగున రంధ్రము తప్పనిసరి.

నాటుట: ముదిరిన కాడను జానెడు పొడవున పదునైన కత్తితో కోయుడు. నాలుగైదు దినములు నీడలో ఉంచినచో గాయము ఆరును. పిదప రెండంగుళముల లోతున నాటి, వారము వరకు నీరు పోయకుడు. పచ్చిగాయముతో నాటిన ముక్క కుళ్ళును. గింజలతో పెంచుటకు కాయ పగులక మునుపే పలుచని గుడ్డ కట్టుడు. లేనిచో గింజ గాలికి పోవును.

పోషణ: వేసవిలో పదిదినములకొకమారు, మన్ను పూర్తిగా ఆరిన పిదపనే తడుపుడు. వానలలోను చలిలోను నీరు అక్కరలేదు. పొదనీడ, సగమెండ మేలు. పిండినల్లి కనిపించిన తడిగుడ్డతో తుడువుడు. కుళ్ళు పట్టిన భాగమును కోసి పారవేసి, మంచి కాడను ఆరబెట్టి మరల నాటుడు.

కోత: లేతకొనలను మాత్రమే తుంచుడు. మొదలు మిగిలిన మరల చిగుర్చును. వేరుతో పెరికిన ఆ తావు బోడియగును. ఆకలి తగ్గించునని చెప్పి కారల్లూమా సారమును నేడు గుళికలుగా అమ్ముచున్నారు. బీళ్ళ మొక్కకు ఇట్లు గిరాకి హెచ్చినది. ఓర్వకల్లు చెంత 2021లో విమానాశ్రయము తెరువబడెను. పరిశ్రమలకును భూములు కేటాయింపబడినవి. బీడు తగ్గుకొలది మొక్కకు చోటు తగ్గును.

కనుక రైతు సోదరులారా! పంటకు పనికిరాని గట్టున, బండ ప్రక్కన, వాకిటి తొట్టిలో పది ముక్కలు నాటుడు. గ్రామోద్యోగులు పోరంబోకులలో మొక్కలను వేళ్ళతో పెరుకువారికి నచ్చజెప్పవలెను. దీనికి కావలసినది నీరు కాదు, ఎరువు కాదు. పెరుకకుండ విడిచిపెట్టు చేయి మాత్రమే.