పేలాల కుట్టు

గొలుసు కుట్టును, నిలువు కుట్టును వచ్చిన బాలికలు ఈ యుబ్బు కుట్టును ఒక పూటలో నేర్వవచ్చును. ఆంగ్లమున దీనిని పాప్‌కార్న్ అందురు. తరగతిలో మేము పేలాల కుట్టనుచున్నాము.

ఒకే రంధ్రమున అయిదు నిలువు కుట్లు వేయవలెను. అంతవరకు నది విచ్చిన విసనకఱ్ఱవలె నుండును. పిమ్మట సూదిని ఉచ్చునుండి తీసి, మొదటి కుట్టు తలలో ముందునుండి గ్రుచ్చి, విడిచిన ఉచ్చును అందుకొని దానిగుండ లాగవలెను. అయిదును ముడుచుకొని జొన్నపేలమువలె ఉబ్బును. వెంటనే యొక గొలుసు కుట్టుతో బిగింపవలెను. విడుచుటకు ముందు ఉచ్చును కొంచెము పొడవుగా లాగి యుంచుట మేలు. చిన్నపిల్లల చేతిలో నది ఊరక జాఱిపోవును.

వెనుకముఖము మనవైపున్న వరుసలో మాత్రము సూదిని వెనుకనుండి గ్రుచ్చవలెను. లేనిచో ఉబ్బు తప్పుముఖమున లేచును. పని చెడునది తఱచుగా నిచ్చటనే.

ఒక కుట్టు చోట అయిదు పడుటచే నూలును, ప్రొద్దును హెచ్చుగా పట్టును. లేసుపనిని తీరికవేళ పనియని యెంచి తక్కువ కూలి కట్టుటను మరియా మీస్ గారు నరసాపురపు లేసుకత్తెలను గూర్చిన 1982 నాటి గ్రంథమున వివరించిరి. కావున తల్లులు వెల చెప్పునప్పుడు గజములనే కొలువక, పేలాలను గూడ లెక్కింపవలెను.

ఇస్త్రీ చేయునపుడు దళసరి తువాలుపై బోర్లించి, తేలికగా ఒత్తవలెను.