దూరపు పరుగు – దేహబలము

దూరము పరుగెత్తువానికి ఊపిరి చాలును, కండబలముతో పనిలేదను అభిప్రాయము మన విద్యార్థులలో బలముగా నాటుకొని యున్నది. బరువులెత్తుట మల్లులకును, ఇనుపగుండు విసరువారికిని తగిన విద్య యనియు, దానివలన దేహము బరువెక్కి పరుగు మందగించుననియు పలువురు భయపడుదురు. ఈ భయము ఎంతవరకు సమంజసమో ఈ వ్యాసమున పరిశీలింతము.

ముందుగా ఒక ప్రసిద్ధమైన ఉదాహరణమును చూతము. ఆస్ట్రేలియా క్రీడాకారుడు హెర్బ్ ఎలియట్ 1960లో రోమ్ ఒలింపిక్ క్రీడలయందు 1500 మీటర్ల పరుగును 3 నిమిషముల 35.6 సెకన్లలో ముగించి, స్వర్ణపతకముతోపాటు ప్రపంచ రికార్డును కూడ సాధించెను. ఆయన శిక్షకుడు పెర్సీ సెరుటీ పోర్ట్‌సీ సముద్రతీరమున ఎత్తైన ఇసుక దిబ్బలపైకి పరుగెత్తించుటయే గాక, బరువులెత్తు సాధనను కూడ చేయించెడివాడు. ఆ సాధన ఎలియట్ వేగమును తగ్గింపలేదు.

అది మధ్యదూరపు పరుగే గదా యని కొందరు అనవచ్చును. ఫిన్లాండు దేశమున లీనా పావొలాయినెన్, ఆమె సహచరులు 1999లో ప్రకటించిన పరిశోధన 5 కిలోమీటర్ల పరుగునకు సంబంధించినది. 9 వారములపాటు ఒక బృందము తన సాధన కాలములో సుమారు మూడవ వంతును దుముకులకు, పొట్టి పరుగులకు, తేలికపాటి బరువులను వేగముగా నెత్తుటకు వినియోగించెను. మొత్తము సాధన కాలము రెండు బృందములకును సమానమే. చివరకు ఈ బృందమువారి 5 కిలోమీటర్ల కాలము మెరుగుపడెను. విశేషమేమనగా, వారి దేహము గ్రహింపగల గరిష్ఠ ప్రాణవాయు పరిమాణము పెరుగలేదు. అదే వేగమునకు తక్కువ ప్రాణవాయువు చాలినది. అనగా వారు పరుగులో పొదుపు నేర్చిరి.

ఈ పొదుపు ఎట్లు కలుగును? పరుగులో ప్రతి అడుగునకును దేహభారమునకు రెండు మూడు రెట్ల తాకిడి కాలిపై పడును. పిక్క, మడమల స్నాయువులు దృఢముగా నున్నచో ఆ తాకిడిని స్ప్రింగువలె దాచుకొని, అడుగు లేచునపుడు తిరిగి ఇచ్చును. కండరము బలమైనదైనచో ప్రతి అడుగునకు తన శక్తిలో స్వల్పభాగమునే వ్యయపరచును గాన అలసట ఆలస్యముగా వచ్చును. తొలి వారములలో కలుగు బలము ముఖ్యముగా నరముల శిక్షణ వలన కలుగునదే గాని కండరము లావగుట వలన కాదు. కనుక దేహము బరువెక్కునను భయము అనవసరము.

అయితే మితము అవసరము. 1980లో రాబర్ట్ హిక్సన్ ప్రకటించిన ప్రయోగమున వారమునకు 5 దినములు బలసాధన, 6 దినములు ఓర్పు సాధన కలిపి చేసినవారి బలము కొన్ని వారములు పెరిగి, పిదప నిలిచిపోయి, 10 వారములు ముగియుసరికి తగ్గసాగెను. రెండు సాధనలను అతిగా చేసినచో బలము దెబ్బతినునని దీనివలన తెలియుచున్నది.

కనుక మేము సూచించు పద్ధతి ఇది. వారమునకు రెండు దినములు చాలును. ఆ రెండింటి మధ్య ఎడముండవలెను. కఠినమైన పరుగునకు వెనువెంటనే బరువులెత్తరాదు. మొదటి నెల దేహభారముతోనే బస్కీలు, దండీలు, మునివేళ్లపై లేచుట, మెట్లెక్కుట అభ్యసింపవలెను. ఇవి మన తాలింఖానాలలో చిరకాలముగా నున్నవే. పిదప ఇసుక సంచినో, ఇనుప బరువునో ధరించి, 5 మొదలు 8 పర్యాయములు సక్రమముగా చేయగలిగినంత భారముతో రెండు మూడు వరుసలు చేయవలెను. వరుసకు వరుసకు నడుమ రెండు మూడు నిమిషముల విశ్రాంతి అవసరము. భంగిమ చెదిరినను, కీలు నొచ్చినను వెంటనే ఆపవలెను. పందెమునకు ముందు వారమున ఈ సాధనను తగ్గింపవలెను. విద్యార్థినులకును ఇదియే పద్ధతి.

కళాశాల కార్యవర్గమువారికి మా మనవి యొక్కటే. దీనికి ఖరీదైన యంత్రములు అక్కరలేదు. మెట్లు, ఇసుక సంచులు, ఒక ఇనుప కడ్డీ, కొన్ని బరువులు, వీటికి మించి తెలిసిన వ్యాయామోపాధ్యాయుని పర్యవేక్షణ చాలును. కాళ్లు బలహీనమై, మోకాలి నొప్పులతో సగములోనే మైదానము విడుచు విద్యార్థి ఊపిరి ఎంత గొప్పదైనను గమ్యము చేరదు. మిత్రులారా, ఊపిరితోపాటు కాలిని కూడ సిద్ధపరచుకొనుడు.