అతుకుల బొంత - ఒక రంగు నియమము

కూడు, గూడు, గుడ్డ అను మూడును మానవుని ప్రథమావసరములని చిన్ననాటి నుండి చదువుకొనుచున్నాము. కొత్త గుడ్డ ఎట్లు తయారగునో, పత్తి ఎక్కడ పండునో మన పాఠములు చెప్పినవి. చినిగిన గుడ్డను ఏమి చేయవలెనో చెప్పిన పాఠము మాత్రము నాకు గుర్తులేదు. ఆ పాఠము మన అవ్వల చేతులలో ఉన్నది. దాని పేరు బొంత.

తెలుగులో 'అతుకుల బొంత' అనునది నిందావాక్యము. పొందిక లేని ఉపన్యాసమును, నాలుగు చోట్ల నుండి నాలుగు వాక్యములు తెచ్చి కూర్చిన వ్యాసమును అతుకుల బొంత అని ఎగతాళి చేయుదుము. ఉర్దూలో బొంతను గుదడీ అందురు. పేదయింట పుట్టి ప్రతిభ చూపిన వానిని 'గుదడీ కా లాల్', అనగా బొంతలో దాగిన మాణిక్యమని మెచ్చుకొందురు. ఒకే వస్తువును గురించి రెండు భాషలలో ఇట్లు రెండు భావములు నిలిచినవి. ఈ రెండు భాషల విద్యార్థులును కలిసి చదువుకొను మన కళాశాలలో ఏది నిజమో చేతితో పరీక్షించి చూడవచ్చును. బొంత కుట్టు విద్యార్థుల సంఘము నొకదానిని ఏర్పరచి, ఏటేట 'ఒక రంగు పోటీ' నడుపుటయే ఆ పరీక్ష. దాని పద్ధతిని, దాని వెనుకనున్న శాస్త్రమును వివరించుట ఈ వ్యాసోద్దేశము.

బొంత వంశవృక్షము

బొంతకు సంస్కృతమున 'కంథ' అని పేరు. బెంగాలులో పాత చీరలను పొరలుగా పరచి కుట్టు 'కాంథా' ఆ మాట నుండి వచ్చినదే. బౌద్ధ భిక్షువుల చీవరము కూడ ముక్కలు కలిపి కుట్టిన వస్త్రము. మగధ దేశపు వరిమళ్లను చూపి, ఆ గట్ల వరుస వలె చీవరమును కూర్చవలెనని బుద్ధుడు ఆనందునితో చెప్పినట్లు వినయపిటకము తెలుపుచున్నది. వేరువేరు చోట్ల దొరికిన గుడ్డలను కుట్టి, అన్నిటికిని ఒకే కాషాయము పట్టించుట వలన అది ఒక వస్త్రమైనది. ఒక రంగు నియమమునకు ఇంతకన్న ప్రాచీనమైన ఉదాహరణము అవసరము లేదు. సూఫీ సాధువులు ధరించిన అతుకుల అంగీకి 'మురఖ్ఖా' అని పేరు. వేరువేరు మతములలో అతుకు వైరాగ్యమునకు చిహ్నమైనది.

మన సమీపమునకు వచ్చినచో, నెల్లికుదురు చుట్టుపట్ల తండాలలోని లంబాడీ స్త్రీల పేటియా, కాంచళి చూడుడు. ఎరుపు, నీలము, పసుపు ముక్కలు అద్దముల నడుమ ఎంత లెక్కగా కూర్చబడి ఉండునో గమనించుడు. ఉత్తర కర్ణాటకములో ఆఫ్రికా సంతతికి చెందిన సిద్ధీలు 'కవంద్' అను బొంత కుట్టుదురు. వారిలో హిందువులు, ముస్లిములు, క్రైస్తవులు కలరు. వారు అంచు నుండి మొదలుపెట్టి, చుట్టుకొనుచు మధ్యకు చేరుదురు. నాలుగు మూలలందు 'ఫూల్' అను మడత ముక్కలు లేనిదే ఆ బొంత పూర్తి కాదు.

అమెరికాలోని అలబామా రాష్ట్రమందు గీస్ బెండ్ అను పల్లె కలదు. బానిసలుగా పనిచేసిన నల్లజాతీయుల సంతతి వారు అక్కడ నివసించుచున్నారు. ఆ ప్రాంతపు స్త్రీలు 1966లో బొంతల సహకార సంఘము పెట్టుకొనిరి. 1972లో సియర్స్ సంస్థకు కార్డురాయ్ దిండ్ల గలీబులు కుట్టు పని వారికి దొరికినది. మిగిలిన ముక్కలను ఇండ్లకు కొనిపోయి, దొరికిన ఆ కొద్ది రంగులతోనే వారు బొంతలు కుట్టిరి. గీస్ బెండ్ బొంతలు 2002లో న్యూయార్కులోని విట్నీ కళాప్రదర్శనశాలలో ప్రదర్శింపబడినవి. 2006లో అమెరికా తపాలా బిళ్లల పైకి ఎక్కినవి. రంగులు తక్కువైనప్పుడు కల్పన తగ్గలేదు, పెరిగినది. ఒక రంగు పోటీకి మూలసూత్రము ఇదియే.

ఒక తప్పు తీర్పు

కొన్ని సంవత్సరముల క్రితము వేరొక చోట ఇటువంటి పోటీ జరిగినది. 'ఎరుపు' అని రంగు ప్రకటించిరి. మరొక నియమమేదియు లేదు. కొందరు అంగడికి పోయి వెల్వెట్టు, శాటిను కొని తెచ్చిరి. ఒక బాలిక తన తల్లి పాత నేత చీరను కత్తిరించి తెచ్చినది. అది ఎన్నో ఉతుకులు ఉతికి, ఎండి, ఒకచోట ఇటుక రంగు, ఒకచోట లేత గులాబి, మడత లోపల మాత్రము అసలు ఎరుపుగా ఉండెను. ఆమె కుట్టు అందరి కన్న చక్కగా నుండెను. "ఇది ఎరుపు కాదు, వెలిసిన గుడ్డ" అని నిర్ణేతలు దానిని పక్కన పెట్టిరి. ఆ నిర్ణేతలలో నేనును ఉంటిని. ఆ బాలిక మరుసటి ఏడు పోటీకి రాలేదు.

రంగుల శాస్త్రమును కొంత చదివిన తరువాత, ఆనాటి తీర్పు దయలేనిదే కాక తప్పు కూడ అని తెలిసినది. ఆ తప్పు మన కళాశాలలో జరుగరాదను ఉద్దేశముతోనే ఈ క్రింది విషయములు వ్రాయుచున్నాను.

రంగు అనగా ఏమి?

ప్రతి రంగునకు మూడు గుణములు కలవు. మొదటిది వర్ణము: ఎరుపా, పసుపా, నీలమా అనునది. రెండవది ఛాయ: అది ఎంత లేత, ఎంత ముదురు అనునది. మూడవది తీక్షణత: అది ఎంత నిగ్గుగా, ఎంత మసకగా ఉన్నది అనునది. సామాన్యముగా మన కన్ను మొదటి గుణమునే చూచును. ఒకే రంగు ఇచ్చినప్పుడు మొదటి గుణము స్థిరమగును. అప్పుడు కుట్టువారు మిగిలిన రెండింటిని చూచుట నేర్చుకొనక తప్పదు.

ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త షెవ్రొల్ 1824లో పారిస్ నగరమందలి గోబెలాన్ నేతశాలలో అద్దకపు శాఖకు అధిపతియైనాడు. అక్కడి నల్లదారమునకు నలుపు చాలదని ఫిర్యాదు ఉండెను. ఆయన పరీక్షించి చూడగా అద్దకములో దోషము లేదు. పక్కనున్న నీలము, ఊదా రంగుల వలన ఆ నలుపు వెలవెలపోయినట్లు కనబడుచున్నదని తేలినది. ఒక రంగు తన పొరుగు రంగును బట్టి మారి కనబడునను ఈ సూత్రమును ఆయన 1839లో గ్రంథరూపమున ప్రకటించెను.

దీనిని మన బొంతకు అన్వయించి చూడుడు. అన్నియు నిగ్గైన ఎరుపులే పెట్టినచో ఏ ముక్కయు వేరుగా కనబడదు; బొంత ఎర్రని చాప వలె ఉండును. వాటి నడుమ ఒక వెలిసిన గులాబి ముక్క చేరినచో పక్కనున్న ఎరుపు వెలుగును. వెలిసిన గుడ్డ ఆ రంగునకు లోపము కాదు; ఆ రంగు కనబడుటకు ఆధారము. మన రైతులు మిరపకాయలను అంగడికి పంపునప్పుడు తాలు కాయను ఏరివేయుదురు, దానికి ధర తక్కువ గనుక. బొంతలో మాత్రము తాలు రంగు అనునది లేదు.

పోటీ నడుపు విధానము

1. చీటి ద్వారా రంగు. ఎరుపు, పసుపు, నీలము, ఆకుపచ్చ, గోధుమ అని ఐదు చీట్లు వ్రాసి, సంఘ సభ్యులందరి ఎదుట ఒకటి తీయవలెను. ఎవరి ఇష్టమును బట్టియు రంగు నిర్ణయింపరాదు. తెలుపు, నలుపు సహాయక రంగులుగా వాడుకొనవచ్చును. కాని అవి నాల్గవ వంతునకు మించరాదు.

2. కొన్న గుడ్డ నిషేధము. పాత చీర, లుంగీ, దుపట్టా, చొక్కా, దర్జీ దుకాణములో మిగిలిన కత్తిరింపులు మాత్రమే వాడవలెను. దారము, సూదులు సంఘము ఖర్చు మీద అందరికి ఒకే రకమైనవి ఇవ్వవలెను.

3. ఉమ్మడి గుడ్డల పెట్టె. ప్రతివారు తాము తెచ్చిన గుడ్డలను ఒకే పెట్టెలో వేయవలెను. కుట్టుటకు కావలసినవి అందరును ఆ పెట్టె నుండియే ఏరుకొనవలెను. ఎవరు ఎక్కువ తెచ్చినది, ఎవరు తక్కువ తెచ్చినది బయటపడదు. ఈ నియమము చిన్నదిగా కనబడును గాని, పోటీ మర్యాద అంతయు దీనిలోనే ఉన్నది.

4. గుడ్డ పరీక్ష. కత్తిరించుటకు ముందే ప్రతి గుడ్డను ఉతికి ఆరవేయవలెను. తడి గుడ్డను తెల్ల గుడ్డపై నొక్కి రంగు దిగునేమో చూడవలెను. పసుపు చీటి వచ్చినచో మరింత జాగ్రత్త అవసరము. పసుపుకొమ్ముతో అద్దిన గుడ్డ ఎండకు త్వరగా వెలియును. సబ్బు తగిలిన ఎర్రబడును. పసుపులో సున్నము కలిపిన ఎర్రనగుట మనమెరిగినదే. సబ్బులోని క్షారమును అదే పని చేయును. రసాయన శాస్త్ర విద్యార్థులకు ఇది మంచి ప్రయోగము. దానిమ్మ తొక్కను, కరక్కాయను పటికతో కలిపి అద్దిన పసుపు ఇంతకన్న నిలుకడ కలది.

5. కొలత. ప్రతి సభ్యుడు పన్నెండున్నర అంగుళముల చదరము ఒకటి కుట్టవలెను. నాలుగు వైపుల పావు అంగుళము కుట్టులో పోగా పన్నెండు అంగుళములు మిగులును. అట్టి 30 చదరములను ఐదేసి చొప్పున ఆరు వరుసలుగా కలిపినచో, ఐదు అడుగుల వెడల్పు, ఆరు అడుగుల పొడవు గల బొంత తయారగును. అడుగున వేయుటకు ఒక పాత నూలు చీరను రెండు ముక్కలు చేసి పక్కపక్కన జోడించిన చాలును. పొరలు కదలకుండ, సూదిని పైకి క్రిందికి దించి తీయు సాదా కుట్టు వరుసలు వేయవలెను. కుట్టు వరుసల నడుమ నాలుగు వ్రేళ్లకు మించిన ఖాళీ ఉండరాదు.

6. ఛాయలు. ప్రతి చదరములోను ఆ రంగు యొక్క ఐదు ఛాయలకు తక్కువ ఉండరాదు. కన్నులు సగము మూసి చూచినచో లేత, ముదురు ఛాయల తేడా తెలియును. సెల్ ఫోనులో నలుపు తెలుపు చిత్రముగా తీసి చూచినచో ఇంకను స్పష్టమగును. ఆ చిత్రములో ముక్కలన్నియు ఒకే బూడిద రంగుగా కనబడినచో, చదరమును తిరిగి పేర్చుకొనవలెను.

7. గడువు. చీటి తీసిన నాటి నుండి ఎనిమిది వారములు చాలును. రంజాను మాసము ఏటేట పది పదకొండు రోజులు ముందుకు జరుగుచుండును. పత్తి ఏరు దినములలో పిల్లలు చేలకు పోవుటయు కలదు. ఈ రెండింటిని చూచుకొని గడువు పెట్టవలెను. పరీక్షల ముందు నెలలో పెట్టరాదు.

తీర్పు ఎట్లు చెప్పవలెను?

చదరములపై పేర్లు ఉండరాదు, సంఖ్యలు మాత్రమే ఉండవలెను. నూరు మార్కులలో ఛాయల కూర్పునకు 40, కుట్టు పనికి 30, గుడ్డల చరిత్రకు 20, గడువు పాటించుటకు 10 ఇచ్చిన న్యాయముగా నుండును. గుడ్డల నిగ్గునకు గాని, ఖరీదునకు గాని మార్కులు లేవు.

గుడ్డల చరిత్ర అనగా ఒక చిన్న పత్రము. కుట్టువారు తమ ఇంటి నుండి తెచ్చిన గుడ్డ ఎవరిది, ఎన్నాళ్లు కట్టినది, ఏ పనిలో చినిగినది అను సంగతులను ఇంటిలోని పెద్దలను అడిగి, తెలుగులో గాని ఉర్దూలో గాని వ్రాయవలెను. ఉర్దూ వ్రాసినవారిది తెలుగు విద్యార్థి, తెలుగు వ్రాసినవారిది ఉర్దూ విద్యార్థి తన భాషలోనికి మార్చి చెప్పవలెను. అమ్మమ్మ చీర, నానీమా దుపట్టా ఈ విధముగా ఒకే చదరములో చేరినప్పుడు, ఆ ఇద్దరి కథలును ఒకరికొకరికి తెలియును.

నిర్ణేతలలో ఒకరు చిత్రలేఖనము తెలిసినవారు, ఒకరు దర్జీ పని తెలిసినవారు, మూడవవారు ఇంటిలో బొంతలు కుట్టిన వృద్ధురాలు అయి ఉండవలెను. ఆమెకు చదువు రాకపోవచ్చును. కాని ఏ కుట్టు ఎన్ని చలికాలములు నిలుచునో ఆమెకు తెలిసినట్లు మనకు తెలియదు.

కళాశాల సంఘమునకు మనవి

ఈ పోటీకి పెద్ద ధనము అక్కరలేదు. ఒక పెట్టె, కొన్ని సూదులు, దారపు ఉండలు, వారమునకు ఒక సాయంకాలము ఒక గది చాలును. తయారైన బొంతను వార్షికోత్సవ దినమున గోడపై ప్రదర్శించి, పిదప చలికి అవసరమున్న వారికి ఇచ్చివేయవచ్చును. ఇక్కడికి దూరము కాని వరంగల్లు జంపుఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించినది. బొంతకు అట్టి గుర్తింపు రానక్కరలేదు. కుట్టినవారి పని ఒక పని అని మన పిల్లలు గుర్తించిన చాలును.

విద్యార్థినీ విద్యార్థులారా! 'గంతకు తగ్గ బొంత' అని సామెత. మీ ఇంటిలోని గుడ్డ ఏదియైనను దానికి తగిన చోటు బొంతలో ఉన్నది. వెలిసిన గుడ్డను తెచ్చుటకు సిగ్గుపడకుడు. ఆనాడు పక్కన పెట్టిన ఆ చదరమును నేను మరువలేదు. మన బొంతలో మొదటి చదరము అటువంటి ఎరుపుతో మొదలైనచో, ఆ తప్పు తీర్పు కొంతవరకైనను దిద్దబడినదని భావింతును.