మీ ఫోన్ ఒక కంపెనీది, పిల్లల ట్యాబ్ ఇంకో కంపెనీది: చేయవలసినవి - చేయకూడనివి

మేనమామ అమెరికా నుంచి ఐప్యాడ్ తెచ్చాడు, అమ్మానాన్నలవి రెండూ ఆండ్రాయిడ్ ఫోన్లే. లేదా నాన్న చేతిలో ఐఫోన్, పాప చేతిలో శామ్‌సంగ్ ట్యాబ్. మన ఇళ్లలో ఇది మామూలైపోయింది. కానీ ఈ రెండూ ఒకటి కావు. గూగుల్ ఫ్యామిలీ లింక్ ఐఫోన్‌లో కూడా పనిచేస్తుంది కాబట్టి, ఐఫోన్ ఉన్నవారు పిల్లల ఆండ్రాయిడ్ ట్యాబ్‌ను ఎక్కడి నుంచైనా అదుపు చేయగలరు. ఆండ్రాయిడ్ ఫోన్ నుంచి ఐప్యాడ్‌ను అలా అదుపు చేసే వీలును యాపిల్ ఇవ్వలేదు. తాళం ఐప్యాడ్ లోపలే వేయాలి. ఇది తెలియక, ఏదో యాప్ వేశాం కదా అని నిశ్చింతగా ఉండటమే అన్నిటికంటే ప్రమాదం.

చేయవలసినవి

*ట్యాబ్ పిల్లల చేతికి ఇచ్చే ముందు*

- పెట్టె తెరిచిన రోజే, పిల్లలు నిద్రపోయాక, తాళాలన్నీ వేయండి; అలవాటైన ఆటకు తర్వాత హద్దు పెట్టడం కష్టం.
- అది ఆండ్రాయిడ్ ట్యాబా, ఐప్యాడా ముందు తేల్చుకోండి. ఒకదాని తాళం రెండోదానికి పట్టదు.
- ఆండ్రాయిడ్ ట్యాబ్‌లో గూగుల్ ప్లే ఉందో లేదో చూడండి. అది లేకపోతే ఫ్యామిలీ లింక్ పనిచేయదు.
- వాడిన ట్యాబ్ ఎవరైనా ఇస్తే, వారి అకౌంట్‌ను వారిచేతే తీయించండి. మేనమామ అకౌంట్ మిగిలిపోతే, రీసెట్ చేశాక ఆయన పాస్‌వర్డ్ లేనిదే ఐప్యాడ్ తెరుచుకోదు.
- ఏ అకౌంట్, ఏ తాళం, ఎవరి నంబరుకు కోడ్ వస్తుందో కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి.

*ఐఫోన్ మీది, ఆండ్రాయిడ్ ట్యాబ్ పిల్లలది అయితే*

- యాప్ స్టోర్ నుంచి ఫ్యామిలీ లింక్ దించుకుని, మీ జీమెయిల్‌తో తెరవండి.
- ట్యాబ్‌ను పిల్లల గూగుల్ అకౌంట్‌తోనే మొదలుపెట్టండి.
- ఐఫోన్ నోటిఫికేషన్లకు అనుమతి అడిగితే ఇవ్వండి. లేదంటే పాప ఏ యాప్ కావాలని అడిగిందో మీకు తెలియదు.
- రోజువారీ గడువు, నిద్రవేళ రెండూ పెట్టండి.
- క్రోమ్ కాని బ్రౌజర్లను ఆపేయండి. ఫ్యామిలీ లింక్‌లోని సైట్ల వడపోత క్రోమ్ వరకే.
- పేరెంట్ యాక్సెస్ కోడ్ ఎక్కడ ఉంటుందో తెలుసుకోండి. నెట్ లేనప్పుడూ ట్యాబ్ తెరవడానికి పనికొస్తుంది.

*ఆండ్రాయిడ్ ఫోన్ మీది, ఐప్యాడ్ పిల్లలది అయితే*

ఎక్కువ పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి. ఒక్కొక్కటీ చేసుకుంటూ రండి.

- ఇంట్లో పనిచేసే పాత ఐఫోన్ ఉంటే ఎక్స్ఛేంజీకి ఇవ్వకుండా దాచుకోండి. యాపిల్ కుటుంబ అకౌంట్ల ఏర్పాటైన ఫ్యామిలీ షేరింగ్‌లో పెద్దల పరికరంగా, సిమ్ లేకున్నా వైఫై మీద పనిచేస్తుంది.
- ఆ ఐఫోన్ నుంచే పిల్లల అకౌంట్ తెరిచి, నిజమైన పుట్టిన తేదీ వేయండి.
- అలాంటి పరికరం ఏదీ లేకపోతే, ఈ ఐప్యాడ్ కోసమే మీ పేరుతో వేరే యాపిల్ అకౌంట్ తెరిచి, పాస్‌వర్డ్ మీ దగ్గరే ఉంచుకోండి.
- సెట్టింగ్స్‌లో స్క్రీన్ టైమ్ తెరిచి నాలుగంకెల పాస్‌కోడ్ పెట్టండి. ఐప్యాడ్ తెరిచే పాస్‌కోడ్ వేరు, ఇది వేరు.
- ఈ కోడ్ మరిచిపోతే పనికొచ్చేలా ఒక యాపిల్ అకౌంట్ వివరాలు అడుగుతుంది; పెద్దలదే ఇవ్వండి.
- గడువు పెట్టినప్పుడు, గడువు తీరాక యాప్‌ను ఆపేసే మీటను కూడా ఆన్ చేయండి. అది ఆన్ కాకపోతే తెర మీద ఇసుక గడియారం బొమ్మ వస్తుంది, పిల్లవాడు దాని కింది మాట మీద వేలు పెట్టి మళ్లీ ఆటలోకి వెళ్లిపోతాడు.
- యాప్‌లు దించడం, తీసేయడం, యాప్ లోపల కొనడం మూడింటినీ ఆపండి.
- మీరు ఎంచిన సైట్లే తెరుచుకునేలా పెట్టండి. యూట్యూబ్ యాప్ తీసేసినా సఫారీలో యూట్యూబ్ వస్తుంది.
- చిన్నపిల్లలకు గైడెడ్ యాక్సెస్ వాడండి. పై బటన్‌ను, పాత ఐప్యాడ్లలో హోమ్ బటన్‌ను, మూడుసార్లు నొక్కితే ఒకే యాప్‌లో ఆగిపోతుంది.
- కోడ్‌లు వచ్చే నంబర్లుగా అమ్మది, నాన్నది రెండూ నమోదు చేయండి; ఒక సిమ్ పోయినా, విదేశం వెళ్లి నంబరు మారినా రెండోది ఆదుకుంటుంది.
- వారానికోసారి ఐప్యాడ్‌ను చేతిలోకి తీసుకుని స్క్రీన్ టైమ్ లెక్క చూడండి. ఆ లెక్క మీ ఆండ్రాయిడ్ ఫోన్‌కు రాదు.

*ఎవరి ఫోన్ ఏదైనా*

- చిన్నపిల్లలకు యూట్యూబ్ కిడ్స్ పెట్టి, అందులో వెతికే వీలు ఆపండి.
- రాత్రిపూట రౌటర్‌లోనే ట్యాబ్‌కు నెట్ ఆపండి; రౌటర్‌కు కంపెనీల తేడా లేదు.
- ట్యాబ్ పోతే వెతికే వీలును ముందే ఆన్ చేయండి. ఐప్యాడ్‌ను ఆండ్రాయిడ్ ఫోన్ బ్రౌజర్‌లో ఐక్లౌడ్ తెరిచి, ఆండ్రాయిడ్ ట్యాబ్‌ను ఐఫోన్ బ్రౌజర్‌లో గూగుల్ ఫైండ్ హబ్ తెరిచి వెతకవచ్చు.
- అమెరికాలో పిల్లలకు అమెజాన్ ఫైర్ ట్యాబ్ కొన్నవారు పేరెంట్ డ్యాష్‌బోర్డ్ వాడండి. ఏ ఫోన్ బ్రౌజర్‌లోనైనా తెరుచుకుంటుంది.
- పిల్లల సహాయానికి 1098, ఆన్‌లైన్‌లో డబ్బు పోతే 1930 నంబర్లను ఫ్రిజ్ మీద అతికించండి.

చేయకూడనివి

- ఐప్యాడ్‌లో పిల్లల గూగుల్ అకౌంట్ పెట్టి, ఫ్యామిలీ లింక్ చూసుకుంటుందని అనుకోకండి. ఐప్యాడ్ వాడే సమయానికి అది హద్దు పెట్టలేదు.
- మీ సొంత అకౌంట్‌తో పిల్లల ట్యాబ్ తెరవకండి. ఫోటోలు, కాంటాక్టులు, దాచుకున్న పాస్‌వర్డ్‌లు వెంట వస్తాయి.
- మీ వాట్సాప్‌ను ట్యాబ్‌కు లింక్ చేయకండి. క్లాస్ గ్రూపులో హోంవర్క్ చూసుకుంటుందని లింక్ చేస్తారు. బంధువుల గొడవలు, ఆసుపత్రి రిపోర్టులు, అర్ధరాత్రి వచ్చే వీడియోలు కూడా పాపే ముందు చూస్తుంది.
- ఇప్పటికే లింక్ చేసి ఉంటే రేపటికి వాయిదా వేయకండి. మీ ఫోన్‌లో లింక్డ్ డివైజెస్ తెరిచి ఇప్పుడే తీసేయండి.
- అకౌంట్ తొందరగా తెరుచుకుంటుందని పిల్లల వయసు పెంచి వేయకండి. వయసును బట్టి వచ్చే రక్షణలన్నీ పోతాయి.
- పుట్టినరోజు, బండి నంబరు, ఇంటి నంబరు పాస్‌కోడ్‌గా పెట్టకండి.
- పిల్లల ముందు పాస్‌కోడ్ నొక్కకండి.
- అమ్మమ్మకు, తాతయ్యకు స్క్రీన్ టైమ్ కోడ్ చెప్పకండి. తాతయ్య ఒక్కో అంకె పైకి చదువుతూ నొక్కుతారు, ఒళ్లో ఉన్న మనవడు వింటాడు. ఎక్కువ సమయం కావాలంటే మీకు ఫోన్ చేయమనండి.
- చెల్లి ట్యాబ్ తాళాన్ని అన్నకు అప్పగించకండి.
- పిల్లల వేలిముద్రను మీ ఫోన్‌లో నమోదు చేయకండి. ఫ్యామిలీ లింక్ ఉన్నది ఆ ఫోన్‌లోనే.
- మీ ఫోన్ హాట్‌స్పాట్ పాస్‌వర్డ్ పిల్లలకు చెప్పకండి. రౌటర్‌లో వేసిన తాళం వృథా అవుతుంది.
- పిల్లలు వాడే యాపిల్ అకౌంట్‌లో డబ్బు నింపి ఉంచకండి. ఆ బ్యాలెన్స్‌తో కొంటే బ్యాంకు ఓటీపీ అడ్డు ఉండదు.
- పిల్లల ట్యాబ్‌లోని అకౌంట్‌కు యూపీఐ ఆటోపే కలపకండి.
- మీ ఫోన్‌కు వచ్చిన ఓటీపీని పిల్లలచేత చదివించకండి.
- ఏ ఫోన్ నుంచైనా ఐప్యాడ్ మొత్తం అదుపు చేస్తామనే ఊరూపేరూ లేని యాప్‌లు వేయకండి. వాళ్లు దించమనే ప్రొఫైల్‌తో ఐప్యాడ్ వాళ్ల చేతికి పోవచ్చు.
- ప్లే స్టోర్ బయట దొరికే ఏపీకే ఫైళ్లు పిల్లల ట్యాబ్‌లో వేయకండి.
- ప్రభుత్వమో బడో ఇచ్చిన ట్యాబ్‌ను మీ తాళాల కోసం రీసెట్ చేయకండి. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిదో తరగతికి ఇచ్చిన ట్యాబ్‌ల లాంటివాటికి తాళాలు ముందే ఉంటాయి, సందేహం ఉంటే టీచరును అడగండి.
- ట్యాబ్‌ను ఛార్జింగ్‌లో పెట్టి దిండు కింద, దుప్పటి మీద వదలకండి.
- తాళం వేసిన సంగతి పిల్లల దగ్గర దాచకండి. దొంగచాటు నిఘా అని తెలిసిన రోజు వారు వేరే ఇంట్లో, వేరే ఫోన్‌లో చూడటం మొదలుపెడతారు.
- ఎవరో బెదిరిస్తున్నారని పిల్లలు చెప్పగానే ట్యాబ్ లాక్కోకండి, తిట్టకండి. ఇంకోసారి మీతో చెప్పరు.
- ఆ బెదిరింపు మెసేజీలను, ఫోటోలను చెరిపేయకండి. జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు చేసేటప్పుడు ఆధారాలు అవే.