పొరుగువాడు ఎవరు?

మేమిద్దరం కవలలం, ఎనిమిదో తరగతి. నాన్నగారి బదిలీలతో ఇది మాకు నాలుగో ఊరు. పొరుగువారిని మనలాగే ప్రేమించాలని చర్చిలో చిన్నప్పటి నుంచి వింటున్నాం. కానీ మూడేళ్లకోసారి పొరుగిల్లే మారిపోయే మాలాంటి వాళ్లకు పొరుగువాడు ఎవరు?

ఈ ప్రశ్నే ఒక ధర్మశాస్త్ర పండితుడు యేసును అడిగాడు. జవాబుగా ఆయన చెప్పిన కథ లూకా సువార్త 10వ అధ్యాయంలో ఉంది. యెరూషలేము నుంచి యెరికోకు వెళ్లే దారి ముప్పై కిలోమీటర్లు కూడా ఉండదు గాని, అంతలోనే వెయ్యి మీటర్లు కిందికి దిగుతుంది. అంతా రాతి కొండలు, నిర్జన ప్రదేశం. ఆ దారిలో దొంగలు ఒక మనిషిని కొట్టి, దోచుకుని, కొన ఊపిరితో వదిలేశారు. ఒక యాజకుడు చూసి పక్కగా వెళ్లిపోయాడు. తర్వాత వచ్చిన లేవీయుడూ అంతే. మూడోవాడు సమరయుడు. యూదులకూ సమరయులకూ ఆ రోజుల్లో పొత్తు లేదు. అయినా అతడే ఆగాడు. గాయాలకు నూనె, ద్రాక్షారసం పోసి కట్టు కట్టాడు. తన వాహనం మీద ఎక్కించుకుని పూటకూళ్ల ఇంటికి తీసుకుపోయాడు. (ఈ మాట మాకు తెలియలేదు. భోజనం, బస దొరికే చోటని అమ్మమ్మ చెప్పింది.)

మాకు బాగా నచ్చింది మర్నాడు జరిగింది. అతడు ఆ ఇంటి యజమానికి రెండు దేనారాలు ఇచ్చాడు. అంటే ఒక కూలీకి రెండు రోజుల కూలి. ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చేటప్పుడు ఇస్తానన్నాడు. తర్వాత తన దారిన వెళ్లాడు. అతడు ఆ ఊరివాడు కాదు, అక్కడే ఉండిపోలేదు కూడా. తాను వెళ్లాక ఆ మనిషిని చూసుకునేవాళ్లను ఏర్పాటు చేశాడు. కథ అయ్యాక యేసు ప్రశ్నను తిప్పి అడిగాడు: ఆ ముగ్గురిలో అతనికి పొరుగువాడు అయింది ఎవరు?

మన దేశ చట్టంలోనూ ఈ సమరయుడు ఉన్నాడు. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేర్చిన 134ఎ సెక్షన్, ప్రమాద బాధితులకు సాయపడేవారిని 'గుడ్ సమారిటన్' అనే పిలుస్తుంది, వారికి రక్షణ ఇస్తుంది.

ఇక మా సంగతి. జూలైలో అస్సాం నుంచి ఒక అమ్మాయి మా తరగతిలో చేరింది. మూడు రోజులు లంచ్‌లో ఒంటరిగా తింది. మేము చూశాం. యూనిట్ టెస్టులు ఉన్నాయని, మా బెంచీలో చోటు లేదని సర్దిచెప్పుకున్నాం. కొత్త బడిలో మొదటి వారం ఎలా ఉంటుందో మాకంటే ఎవరికి తెలుసు? అయినా పక్కగా వెళ్లిపోయాం. దొంగల భయం కూడా లేదు మాకు!

నాలుగో రోజు టిఫిన్ డబ్బాలు పట్టుకుని ఆమె బెంచీకి వెళ్లాం. ఏం మాట్లాడాలో తెలియక పులిహోర పెట్టాం. కారమని కళ్లనీళ్లు పెట్టుకుంది, మళ్లీ అడిగింది.

మార్చిలో మాకు మళ్లీ బదిలీ ఉండొచ్చని నాన్న అంటున్నారు. అందుకని ఆమె వెళ్లే బస్సులోనే వచ్చే ఇద్దరు స్నేహితులను ఇప్పటి నుంచే మాతో కలుపుకుని ముగ్గురం కాస్తా అయిదుగురం అయ్యాం. మా సైన్సు నోట్సు ఇంకా ఆమె దగ్గరే ఉంది.