అమ్మమ్మ మాటలో ‘స’ ఏమైపోయింది? – ఫోను స్పీకరు మార్చిన పాఠం



ఇక్కడి బడిలో మీరు సైన్సు అంతా ఇంగ్లీషులోనే చదువుతారు. రెండో భాషగా తమిళమో హిందీయో తీసుకుంటారు. కాబట్టి అయస్కాంతం, తీగచుట్ట, కంపనం లాంటి మాటలు మీ చెవిన పడేది వారాంతంలో మన తెలుగు తరగతిలోనే. అందుకని ఈసారి సంచికకు కథ కాకుండా ఒక సైన్సు పాఠం రాస్తున్నాను. మా ఇంట్లో ఒక ఫోను స్పీకరు పాడైతే దాన్ని మేమే మార్చుకున్నాం. అదే ఈ పాఠం. ఇందులో నా తప్పు కూడా ఒకటి ఉంది. దానితోనే మొదలుపెడతాను.

మా అమ్మాయి ప్రతి ఆదివారం తెనాలిలో ఉన్న వాళ్ళ అమ్మమ్మతో వీడియోలో మాట్లాడుతుంది. అరగంటకు తక్కువ ఉండేది కాదు. అలాంటిది ఒక దశలో రెండు నిమిషాలు మాట్లాడి ఫోను వాళ్ళ అమ్మకు ఇచ్చేయడం మొదలుపెట్టింది. ఎందుకే అంటే, “నాకు అమ్మమ్మ తెలుగు అర్థం కావట్లేదు నాన్నా” అంది. ఊళ్ళో పిల్లలందరికీ తెలుగు చెప్పేవాడి ఇంట్లోనే ఈ మాట! నాకు బాధ వేసింది, కొంచెం కోపమూ వచ్చింది. వెంటనే రోజుకు రెండు పేజీలు పైకి చదవాలని శిక్ష లాంటి హోంవర్కు పెట్టాను. మూడు వారాలు పాపం చదివింది.

నాలుగో ఆదివారం ఫోను నేనే పట్టుకున్నాను. అత్తయ్యగారు ఏదో పచ్చడి సంగతి చెబుతున్నారు. ‘ఉ...ఇరికాయ’ అని వినిపించింది. కిందనుంచి గరగరమని శబ్దం. నలభై ఏళ్ళుగా తెలుగు మాట్లాడుతున్న నాకే సగం అర్థం కాలేదు. అది ఉసిరికాయ అని పచ్చడి సంగతి కాబట్టి ఊహించాను. ఉసిరికాయ పచ్చడి ఎప్పుడూ రుచి చూడని పిల్ల ఎలా ఊహిస్తుంది? లోపం అమ్మాయి తెలుగులో లేదు, ఫోను స్పీకరులో ఉంది. అది తెలియక మా అమ్మాయి తనకు భాష రాదనుకుంది. నేనూ అదే అనుకున్నాను.

‘స’ ఎందుకు పోయింది?

శబ్దం అంటే గాలిలో కంపనం. సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తుందో ఆ లెక్కను పౌనఃపున్యం అంటారు, హెర్ట్‌జ్‌లలో కొలుస్తారు. మంచి చెవికి 20 నుంచి 20,000 హెర్ట్‌జ్‌ల దాకా వినిపిస్తుంది. మనం ‘అ’, ‘ఉ’, ‘ఓ’ అనేటప్పుడు బలమంతా కింది పౌనఃపున్యాల్లో ఉంటుంది. ‘స’, ‘శ’, ‘ష’ అలా కాదు, నాలుక మీదుగా గాలి బుస్సుమని పోతుంది. వాటి బలం ఎక్కువగా 3,000, 4,000 హెర్ట్‌జ్‌లకు పైనే. స్పీకరు ముందున్న జల్లెడకు దుమ్ము పట్టినప్పుడు ముందుగా తగ్గేవి ఈ పై శబ్దాలే. అందుకని అచ్చులు వినిపిస్తూనే ఉంటాయి, ‘ఎవరో మాట్లాడుతున్నారు’ అని తెలుస్తుంది, మాట మాత్రం తెలియదు.

పాత ల్యాండ్‌లైను ఫోన్లలో సుమారు 300 నుంచి 3,400 హెర్ట్‌జ్‌ల వరకే పంపేవారు. మీ తాతయ్యలు ట్రంకు కాల్‌లో పేరు చెప్పవలసి వస్తే గట్టిగా అరుస్తూ, సీతలో ‘సీ’ అని విడగొట్టి చెప్పేవారంటే కారణం ఇదే. ఇప్పుడు కూడా కొందరు పెద్దవాళ్ళు ఫోనులో అరుస్తూనే మాట్లాడతారు. అది అలవాటు, ఏమీ అనకండి.

విప్పే ముందు చేయవలసిన పని

ఈ పాఠంలో నేను అన్నిటికన్నా ముఖ్యం అనుకునే భాగం ఇదే. స్పీకరు పోయిందని అనుకునేవాటిలో చాలావాటికి మార్చవలసిన పనే ఉండదు.

ఫోనులో మామూలుగా రెండు స్పీకర్లు ఉంటాయి. చెవి దగ్గర పెట్టుకునేటప్పుడు వినిపించేది పైన. పాటలకు, వీడియోలకు మోగేది కింద, ఛార్జింగు రంధ్రం పక్కన. ఏది పాడైందో ముందు తేల్చుకోవాలి. మేము ఇయర్‌ఫోన్లు పెట్టి విన్నాం, అమ్మమ్మ గొంతు గంటలా ఉంది. అంటే నెట్‌వర్కుదీ తప్పు కాదు, ఫోను లోపలి చిప్పుదీ కాదు. తరువాత మామూలు కాల్ చేసి చెవి దగ్గర పెట్టుకున్నాం, అదీ బాగుంది. మిగిలింది కింది స్పీకరు ఒక్కటే. బ్లూటూత్ ఆపి, పాట పెట్టి మళ్ళీ చూశాం. శామ్‌సంగ్ ఫోన్లు చాలావాటిలో డయల్ చేసేచోట *#0*# అని కొడితే పరీక్షల పట్టిక వస్తుంది. షావోమీ వాటిలో *#*#6484#*#*. అక్కడ స్పీకర్లను విడివిడిగా మోగించి చూడవచ్చు.

ఫోను కవరు తీసి చూడడం మరవకండి. కవరు రంధ్రం పక్కకు జరిగి స్పీకరును మూసేసిన ఫోన్లు నేను రెండు చూశాను.

ఇక శుభ్రం చేయడం. మెత్తటి, పొడి టూత్ బ్రష్షు తీసుకుని, ఫోను రంధ్రాలు నేలవైపు ఉండేట్టు పట్టుకుని, నెమ్మదిగా దులపాలి. అప్పుడు దుమ్ము కిందికి రాలుతుంది, లోపలికి పోదు. సూది, పిన్నీసు పెట్టకండి. స్పీకరు పక్కనే మైకు రంధ్రం ఉంటుంది, దాన్ని పొడిస్తే అమ్మమ్మకు మన గొంతు వినపడదు.

దులిపాక ‘స’ కొంత తిరిగి వచ్చింది. కానీ శబ్దం సగానికి పైగా పెంచితే గరగర పోలేదు. చిన్నగా ఉన్నప్పుడు బాగుండి, పెంచితే గరగరమంటే లోపలి పొర చిరిగిందనో, ఎక్కడో రాసుకుంటోందనో అనుమానించాలి. ఒక దుకాణంలో అడిగితే స్పీకరు ఒక్కటీ మార్చం, ఆ ఖర్చుకు కొత్త ఫోను కొనుక్కోండి అన్నారు. సరే మనమే చూద్దాం అనుకున్నాం.

లోపల ఏముంటుంది?

1820లో ఓర్‌స్టెడ్ అనే డెన్మార్కు శాస్త్రవేత్త, తీగలో విద్యుత్తు పోతుంటే పక్కనున్న దిక్సూచి ముల్లు కదలడం గమనించాడు. అంటే విద్యుత్తు పారే తీగ తానే ఒక అయస్కాంతంలా పనిచేస్తుంది. ఆ తీగను చుట్టలా చుట్టి, ఒక అసలు అయస్కాంతం దగ్గర ఉంచి, చుట్టకు పలచని పొర అంటిస్తే అదే స్పీకరు. విద్యుత్తు ఒకవైపు పారితే చుట్ట ముందుకు జరుగుతుంది, దిశ మారితే వెనక్కి. సెకనుకు 440 సార్లు ముందుకూ వెనక్కూ ఊగితే 440 హెర్ట్‌జ్‌ల శబ్దం వస్తుంది. పొర గాలిని తోస్తుంది, గాలి మన చెవిని తోస్తుంది. ఈ రోజు మనం వాడే ఈ పద్ధతిని అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ ఇంజనీర్లు రైస్, కెలాగ్ 1925లో ప్రకటించారు. వందేళ్ళయినా సూత్రం మారలేదు, సైజు మారింది. 1980లలో నియోడిమియం అయస్కాంతం రావడంతో వేలిగోరంత జాగాలో కూడా గట్టి అయస్కాంతం పెట్టగలిగారు.

ఆ గట్టి అయస్కాంతం వల్లే ఒక చిక్కు కూడా ఉంది. గాలిలో, జేబుల్లో ఉండే సన్నని ఇనుపరజను దానికి అంటుకుంటుంది.

ఇంజనీరింగు చదివే రోజుల్లో ప్రాజెక్టు కోసం హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీకి వెళ్ళి 8 ఓంల స్పీకరు కొనుక్కొచ్చేవాళ్ళం. అరచేయి అంత ఉండేది. ఫోను స్పీకర్లు కూడా ఎక్కువగా 8 ఓంలవే అని తెలిసినప్పుడు పాత స్నేహితుడు కనబడినట్టు అనిపించింది.

విప్పిన రోజు

పిల్లలూ, ఇక్కడినుంచి పెద్దవాళ్ళు పక్కన లేకుండా చేయకండి. ఫోనులో లిథియం బ్యాటరీ ఉంటుంది. దానికి పోటు పడితే, వంగితే మంటలు వస్తాయి. బ్యాటరీ ఉబ్బి వెనక మూత లేచి ఉంటే అసలు ముట్టుకోకూడదు, తెలిసినవారికి ఇచ్చేయాలి.

విడిభాగం ఆన్‌లైనులో తెప్పించాం, పది డాలర్లు కూడా కాలేదు. మొదట వచ్చినది సరిపోలేదు. తప్పు నాదే. ఒకే పేరుతో అమ్మిన ఫోన్లకు లోపల మోడలు నంబర్లు వేరువేరుగా ఉంటాయి. సెట్టింగ్స్‌లో ‘ఎబౌట్ ఫోన్’ కింద ఉన్న నంబరు చూసి మళ్ళీ తెప్పించాను.

ఫోటోలన్నీ వేరేచోట దాచి, ఛార్జి పావువంతుకన్నా తక్కువకు దిగేదాకా ఆగి, ఫోను పూర్తిగా ఆపేశాం. సిమ్ము ట్రే ముందే తీసేయాలి. అది లోపలే ఉంటే మూత రాదు, లాగితే ఏదో విరుగుతుంది. వెనక మూత బంకతో అంటించి ఉంటుంది. జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యరుతో అంచుల చుట్టూ రెండు మూడు నిమిషాలు వేడి తగిలించాం, చెయ్యి పెట్టగలిగేంత వేడి చాలు. తరువాత రబ్బరు కప్పు అతికించి కొంచెం పైకి లాగి, ఆ సందులో గిటారు వాయించే ప్లాస్టిక్ బిళ్ళ దూర్చి మెల్లగా చుట్టూ తిప్పాం. మూత వచ్చిందని ఒక్కసారిగా పెకలించకండి. వేలిముద్ర సెన్సరు మూతకే ఉన్న ఫోన్లలో సన్నని పట్టీ తీగ కింది బోర్డుకు కలిసి ఉంటుంది.

మరలు విప్పేటప్పుడు మా అమ్మాయి మంచి ఉపాయం చేసింది. తెల్ల కాగితం మీద ఫోను బొమ్మ గీసి, ఏ మర ఎక్కడిదో అక్కడే చుక్క పెట్టి దాని మీద ఉంచింది, ముగ్గు చుక్కల్లాగా. చిన్న మరలన్నీ ఒకేలా కనిపిస్తాయి కానీ పొడవు తేడా ఉంటుంది. పొట్టి మర ఉన్నచోట పొడుగుది బిగిస్తే అది బోర్డులోకి దిగిపోతుంది. స్పీకరు బాగుచేయబోయి ఫోను పోగొట్టుకునేది అక్కడే.

మరలు తీయగానే మొదటి పని బ్యాటరీ కనెక్టరు ఊడదీయడం. ఇనుప పనిముట్టుతో కాదు, ప్లాస్టిక్‌దానితో. తరువాతే మిగతావి. మా ఫోనులో కింది స్పీకరు ఒక నల్ల డబ్బీలో ఉంది. టంకం వేయవలసిన పని లేదు, రెండు చిన్న స్ప్రింగు కాళ్ళు బోర్డును తాకుతాయి, అంతే. ఆ కాళ్ళకు చెయ్యి తగలకుండా కొత్త డబ్బీ పెట్టి బిగించాం.

మూత అంటించే ముందు బ్యాటరీ కలిపి, ఫోను వెలిగించి, పాట పెట్టి చూడాలి. నేను తొందరపడి ముందే అంటించబోతుంటే అమ్మాయి ఆపింది. మంచిదయింది, మొదటిసారి మోగలేదు! ఒక స్ప్రింగు కాలు వంగి ఉంది. సరిచేశాక మోగింది. అప్పుడు కొత్త బంక పట్టీ వేసి, పైన రెండు లావు పుస్తకాలు బరువు పెట్టి వదిలేశాం. ఇలా ఒకసారి విప్పిన ఫోనుకు నీళ్ళ నుంచి రక్షణ ముందులా ఉండదు. ఈత కొలను దగ్గరకు తీసుకుపోకండి.

పాత స్పీకరును మల్టీమీటరుతో కొలిస్తే 7 ఓంలు చూపించింది. అంటే తీగచుట్ట తెగలేదు. భూతద్దంతో చూశాం. పొర ఒక అంచున ఊడిపోయింది, దాని కింద నల్లటి ఇనుపరజను మీసంలా నిలబడి ఉంది. అమ్మమ్మ గొంతును గరగరలాడించింది అదే.

తల్లిదండ్రులకు రెండు మాటలు

అన్ని ఫోన్లనూ ఇంట్లో విప్పాలని నేను అనను. ఐఫోన్ ఎక్స్ నుంచి 12 వరకు ఉన్న మోడళ్ళలో పై స్పీకరుకు ముఖం గుర్తుపట్టే సెన్సర్లు కలిసి ఉంటాయి, ఆ ముక్క మొత్తం మారిస్తే ఫేస్ ఐడీ పనిచేయదు. వారంటీ ఉన్నవాటినీ ముట్టుకోవద్దు. సొంతంగా చేయాలంటే బెరుకుగా ఉన్నవారికోసం సింగపూరులో 2014లో మొదలైన రిపేర్ కోపిటియాం ఉంది. అక్కడ స్వచ్ఛంద సేవకులు మన వస్తువు తీసుకుని బాగుచేసి ఇవ్వడం కాదు, పక్కన కూర్చుని మనచేతే చేయిస్తారు. పిల్లల్ని వెంట తీసుకువెళ్ళండి. మల్టీమీటరు, చిన్న పనిముట్లు కావాలంటే జలాన్ బెసార్‌లోని సిమ్ లిమ్ టవర్ చూడండి. చాలామంది దాన్ని సిమ్ లిమ్ స్క్వేర్ అనుకుని పొరబడతారు, రెండూ వేరు.

మన చిన్న ద్వీపంలో ఏటా సుమారు 60,000 టన్నుల ఎలక్ట్రానిక్ చెత్త పోగవుతోందని జాతీయ పర్యావరణ సంస్థ లెక్క, మనిషికి 11 కిలోలన్నమాట. 2021 జూలై 1 నుంచి దాన్ని సేకరించే బాధ్యత తయారీదారుల మీద పెట్టారు. ఐరోపా సమాఖ్య ఇంకో అడుగు వేసింది. 2025 జూన్ 20 నుంచి అక్కడ అమ్మకానికి వచ్చే కొత్త ఫోను మోడళ్ళకు, అమ్మకం ఆపాక కూడా 7 ఏళ్ళు, మరమ్మతు చేసేవారికి విడిభాగాలు దొరకాలి. ఆ జాబితాలో స్పీకరు ఉంది. ‘కొత్తది కొనుక్కోండి’ అనే మాటకు అది కొంత జవాబు.

ఆ ఆదివారం అత్తయ్యగారు ఉసిరికాయ పచ్చడి మళ్ళీ మొదటినుంచి చెప్పారు. మా అమ్మాయి నోటుపుస్తకంలో రాసుకుంది. మెంతులు ఎన్ని వేయాలో రెండుసార్లు అడిగింది. నలభై నిమిషాలు మాట్లాడింది. రెండు పేజీల హోంవర్కు రద్దు చేస్తున్నానని చెప్పి, దానికి క్షమాపణ కూడా చెప్పుకున్నాను.

పాత స్పీకరు ఒక డబ్బాలో దాచాను. వచ్చే టర్ములో పెద్ద తరగతికి తెస్తాను. 1.5 వోల్టుల పెన్సిల్ సెల్లు దాని కాళ్ళకు క్షణం తాకిస్తే ‘టక్’మంటుంది. 8 ఓంలు అనుకుంటే అప్పుడు ఎంత విద్యుత్తు పారుతుందో ఇంట్లో లెక్కకట్టి రండి. సెల్లు ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి.